దూరం గురికి తూటా ఎంచుకోవడం ఎలా: వరంగల్ వైపు కొత్త షూటర్ల కోసం

పరకాల నుంచి ఒక పిల్లవాడు హన్మకొండ వచ్చి నన్ను కలిశాడు. డిగ్రీ రెండో సంవత్సరం, ఎన్‌సీసీలో మంచి ఫైరర్ అని పేరు. కూర్చోకముందే అడిగాడు: "అన్నా, దూరం కొట్టాలంటే ఏ తూటా మంచిది? అన్నిట్ల కన్నా స్పీడ్ పోయేది చెప్పు, అదే తెప్పించుకుంట."

నేను కూడా ఆ వయసులో ఇదే అడిగాను. నాకు జవాబు చెప్పినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో బ్రాండ్ పేరు చెప్పారు. నీ రైఫిల్ ఏది, నువ్వు ఎంత దూరం కొడతావు అని ఎవరూ అడగలేదు. అలా రెండేళ్లు డబ్బులు, రౌండ్లు (తూటాలు) వృథా చేసుకున్నాను. ఆ తమ్ముడికి ఆ రోజు రెండు గంటలు కూర్చుని చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మొదట దూరం, తర్వాత లైసెన్సు, తర్వాత మీ రైఫిల్ బ్యారెల్ (గొట్టం), అన్నిటికన్నా చివర తూటా. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన డబ్బా కొన్నా గురి కుదరదు.

ముందు దూరం తేల్చుకోండి

"లాంగ్ రేంజ్" అనగానే కిలోమీటరు దూరం గుర్తొస్తుంది చాలామందికి. ఆ లెక్క పక్కన పెట్టండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) పోటీల్లో రైఫిల్‌కు ఉన్న దూరాలు మూడే: 10 మీటర్లు, 50 మీటర్లు, 300 మీటర్లు. పదికి ఎయిర్ రైఫిల్, యాభైకి .22, మూడు వందలకు పెద్ద బోర్ రైఫిల్. బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, .22 అంటే సుమారు 0.22 అంగుళం. లండన్‌లో 2012లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది 10 మీటర్లలో. పారిస్‌లో 2024లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో, అంటే మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీలో. ఒలింపిక్స్‌లో రైఫిల్‌కు అంతకు మించిన దూరం ఇప్పుడు లేదు. 300 మీటర్లు ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయి ఆట.

టార్గెట్ ఎంత చిన్నదో కళ్లకు కట్టుకుంటేనే తూటా సంగతి అర్థమవుతుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చోటు అర మిల్లీమీటరు, పెన్సిల్ మొనతో పెట్టిన చుక్క. యాభై మీటర్లలో పది రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, మీ చిటికెన వేలి గోరంత. మూడు వందల మీటర్లలో 100 మిల్లీమీటర్లు, చిన్న పూరీ అంత. దూరం పెరిగే కొద్దీ రింగు పెద్దదవుతుంది కదా, సులువేమో అనుకోవద్దు. దూరం పెరిగితే గాలికి దొరికే సమయం కూడా పెరుగుతుంది.

ఇంకా ఎయిర్ రైఫిల్ దశలోనే ఉంటే మీకు తూటా కాదు, పెల్లెట్ కావాలి. 4.5 మిల్లీమీటర్ల బోర్, ముందు భాగం చదునుగా ఉండే వాడ్‌కట్టర్ రకం, బరువు 0.53 గ్రాముల దగ్గర. ఒకే బ్రాండ్‌లో 4.49, 4.50, 4.51 అని తల కొలతలు వేరువేరుగా వస్తాయి. మూడూ తెచ్చుకుని కాల్చి చూసి, చిన్న గ్రూప్ ఇచ్చిన కొలతనే పట్టుకోండి. గ్రూప్ అంటే ఒకే గురికి కాల్చిన బొక్కలన్నీ ఎంత మేర పరుచుకున్నాయో అది. పెల్లెట్ గురించి ఇంతకంటే తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అసలు పాఠం .22తో మొదలవుతుంది.

లైసెన్సులో ఏ బోర్ ఉందో అదే మీ తూటా

ఇంటర్నెట్‌లో అమెరికా వాళ్లు చెప్పే తూటాల పేర్లు చూసి మనసు పడే ముందు మన చట్టం చూడండి. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాలు మనకు ఆధారం. మీ లైసెన్సు మీద రాసిన బోర్‌కు, రాసిన సంఖ్యకు లోబడే తూటాలు కొనాలి. సైన్యం, పోలీసులు వాడే బోర్లు నిషిద్ధ బోర్ల కిందికి వస్తాయి, మామూలు లైసెన్సు మీద రావు. పాత .303 మనకు దొరకనిది అందుకే. ఇది బ్రిటిష్ కాలం నుంచి ఉన్న కట్టడి. ఆ కట్టడి వల్లే .315 అనే బోర్ మన దేశంలో అంతగా పాతుకుపోయింది. ఇషాపూర్‌లోని ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీ .315, .30-06 స్పోర్టింగ్ రైఫిళ్లు తయారు చేస్తూ వచ్చింది కూడా ఇందుకే.

2019లో చట్టం సవరించి ఒక మనిషికి రెండు తుపాకులే అన్నారు. క్రీడాకారులకు వారి స్థాయిని బట్టి వేరే పరిమితులు, మినహాయింపులు ఉన్నాయి. మీరు ఏ స్థాయిలో ఉన్నారో దాన్ని బట్టే మీకు ఎన్ని రౌండ్లు వస్తాయో తేలుతుంది. కాబట్టి రాష్ట్ర రైఫిల్ సంఘంలో సభ్యత్వం తీసుకుని, అక్కడ మీ కేటగిరీకి వర్తించే సంఖ్య కనుక్కోండి. దిగుమతి మ్యాచ్ తూటాలు (పోటీల కోసం చేసినవి) కావాలంటే 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం నియమాల దారిలోనే వెళ్లాలి. "తెలిసినోళ్ల దగ్గర ఉన్నయి, ఇప్పిస్త" అనే మాట ఎవరు చెప్పినా వద్దనండి. లైసెన్సులో ఎక్కని ఒక్క రౌండ్ మీ సంచిలో ఉన్నా అది కేసు. ఆటకే దూరం కావాల్సి రావచ్చు.

12 ఏళ్లు దాటిన పిల్లలు నియమాల ప్రకారం, పెద్దల పర్యవేక్షణలో శిక్షణ కోసం కాల్చవచ్చు. ఇది తల్లిదండ్రులకు చెప్పండి. చాలామంది బాపులు భయపడి పిల్లలను ఆపుతున్నది చట్టం తెలియకనే.

ఇంకొక్క మాట. పత్తి చేనులో, చెరువు గట్టు మీద, గుట్ట చాటున ప్రాక్టీసు ఆలోచనే పెట్టుకోవద్దు. చిన్నది కదా అనుకునే .22 తూటా ఒకటిన్నర కిలోమీటరు దాటి పోగలదు. నీళ్ల మీద తగిలితే ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. మన ఊళ్లలో ఏ గట్టు వెనకైనా గొర్ల కాపరి ఉంటాడు. అనుమతి ఉన్న రేంజిలోనే కాల్చండి. నేను ఏళ్ల తరబడి కాజీపేటలో పొద్దున రైలెక్కి, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న రేంజికి పోయి వచ్చాను. రైలు ఖర్చు, రోజంతా పోవడం కష్టమే. అయినా అదే దారి.

స్పీడ్ ఎక్కువైతే మంచిదనే మాట మరిచిపోండి

పరకాల తమ్ముడు ఎక్కువసేపు వాదించింది ఇక్కడే. "స్పీడ్ పోతే గాలికి టైం దొరకదు కదన్నా?" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ .22 విషయంలో జరిగేది దానికి పూర్తిగా ఉల్టా.

.22 మ్యాచ్ తూటా సెకనుకు 320 నుంచి 330 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. ధ్వని వేగం 20 డిగ్రీల వేడిలో సెకనుకు 343 మీటర్లు. అంటే మ్యాచ్ తూటాను కావాలనే ధ్వని కన్నా కొంచెం తక్కువ వేగంతో చేశారు. హై వెలాసిటీ అని రాసి ఉన్న డబ్బాలోది సెకనుకు 375 మీటర్ల పైన మొదలవుతుంది. ధ్వని వేగం దగ్గర్లో గాలి తూటాను అమాంతం పట్టి లాగుతుంది. అందుకే అది మొదట్లో ఎంత దూకుడుగా పోయినా దారిలో వేగం త్వరగా పోగొట్టుకుంటుంది. మొనలో, అంటే తూటాలో ఎగిరి పోయే సీసపు ముక్కలో, బరువు సరిగ్గా మధ్యలో లేకపోతే ఆ కుదుపుకు అటూ ఇటూ ఊగుతుంది కూడా.

పక్కగాలి తూటాను ఎంత నెడుతుందనేది ప్రయాణానికి పట్టిన మొత్తం సమయాన్ని బట్టి ఉండదు. గాలి అడ్డం లేకపోతే పట్టే సమయం కన్నా ఎంత ఆలస్యమైందో దాన్ని బట్టి ఉంటుంది. త్వరగా వేగం పోగొట్టుకున్న తూటాకు ఆలస్యం ఎక్కువ, కాబట్టి నెట్టుడు కూడా ఎక్కువ. గంటకు 10 కిలోమీటర్ల పక్కగాలికి మ్యాచ్ తూటా 50 మీటర్లలో సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పక్కకు పోతుంది. అంటే చెట్టు ఆకులు మెల్లగా కదిలే గాలికే పది పోయి తొమ్మిది అవుతుంది. హై వెలాసిటీ తూటా అదే గాలికి ఇంకా ఎక్కువ పోతుంది. స్పీడ్ కావాలన్న తమ్ముడికి నేను కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు.

తూటాలో నిజంగా చూడాల్సింది వేగం కాదు, అన్ని రౌండ్లకూ ఒకే వేగం ఉండడం. ఒక రౌండుకు, ఇంకో రౌండుకు సెకనుకు 10 మీటర్ల తేడా ఉందనుకోండి. 50 మీటర్లలో ఆ రెండూ ఒకదాని కింద ఒకటి 7, 8 మిల్లీమీటర్ల ఎడంలో తగులుతాయి. ఈ టార్గెట్‌లో ఒక రింగుకు, ఇంకో రింగుకు మధ్య దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. మీ చెయ్యి ఏ తప్పూ చేయకుండానే ఒక పాయింట్ పోయింది. అదే 100 మీటర్లలో ఆ ఎడం మూడు సెంటీమీటర్లు దాటుతుంది. సరదాకి .22తో 100 మీటర్లు కొట్టి చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. 50 మీటర్లకు సరిచేసిన రైఫిల్ 100 మీటర్లలో జానెడు కిందికి కొడుతుంది.

డబ్బాను చదవడం నేర్చుకోండి

ఒక డబ్బాలో 50 రౌండ్లు ఉంటాయి. పది డబ్బాలు కలిపి 500 కట్ట. వారానికి రెండు రోజులు, రోజుకు 60 షాట్లు కొడితే నెలకు ఒక కట్ట అయిపోతుంది. ఈ లెక్క ముందే వేసుకోండి, తూటా రకం ఎంచుకునేటప్పుడు మీ జేబు కూడా ఒక కొలతే.

ఎలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్, ఎస్‌కే మన షూటర్ల నోళ్లలో ఎక్కువగా నలిగే పేర్లు. ఎలీ వాళ్లకు పైన టెనెక్స్, కింద టీమ్, క్లబ్ ఉంటాయి. లాపువాకు పైన ఎక్స్-యాక్ట్, తర్వాత మిడాస్ ప్లస్, తర్వాత సెంటర్-ఎక్స్. ఆర్‌డబ్ల్యూఎస్‌కు ఆర్ 50. పై రకం అంటే ఫ్యాక్టరీ పరీక్షల్లో ఎక్కువ ఒకేరకంగా తేలినవి అని అర్థం, అంతే. మీ బ్యారెల్‌కు అదే నచ్చుతుందని కాదు. నా రైఫిల్‌లో మధ్య రకం ఒక లాట్ (ఒకే విడత సరుకు), ఖరీదైన రకం రెండు లాట్ల కన్నా చిన్న గ్రూప్ ఇచ్చింది. ఇది వింత కాదు, చాలామందికి జరుగుతుంది.

డబ్బా అంచు మీద లాట్ నంబర్ ఉంటుంది. బ్రాండ్ పేరు కన్నా అది ముఖ్యం. ఒక లాట్ అంటే ఒకే యంత్రం మీద, ఒకే విడతలో, ఒకే మందుతో తయారైన తూటాలు. పేరు ఒకటే అయినా లాట్ మారితే మీ రైఫిల్‌కు అది కొత్త తూటా కిందే లెక్క.

ఒక రౌండ్ బయటికి తీసి వెలుతురులో తిప్పి చూడండి. బూడిద రంగు సీసం మొన మీద పల్చటి మైనం పూత వేలికి జిడ్డుగా తగులుతుంది. మొన బరువును గ్రెయిన్లలో చెప్తారు, 40 గ్రెయిన్ల మొన అంటే రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. కంసాలి లెక్కలో చెప్పాలంటే ఒక గ్రెయిన్ దాదాపు అర గురిగింజ ఎత్తు. వెనక ఇత్తడి అంచు చూడండి. నిప్పు పుట్టించే మందు ఆ అంచు లోపలే తిప్పి పోసి ఉంటుంది, పిన్ను ఆ అంచునే కొడుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. మొన మీద గీత పడినా, అంచు వంగినా ఆ రౌండ్ పక్కన పెట్టండి. అది ప్రాక్టీసుకు కూడా వద్దు.

కాల్చాక చేతులు సబ్బుతో కడగండి. సీసం చేతికి అంటుకుని ఉంటుంది, అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా అట్లనే తెరిచి తినొద్దు.

లాట్ టెస్ట్: ఇది చేయకుండా కట్ట కొనొద్దు

ఇక్కడ తొందరపడకండి. మిగతా అంతా చదివి మరిచిపోయినా పర్లేదు, ఈ పని మాత్రం చేయండి.

మూడు లేదా నాలుగు లాట్లు ఒక్కో డబ్బా సంపాదించండి. అన్నీ మీ ఒక్కరికే కొనడం భారమైతే నలుగురు షూటర్లు కలిసి తలా ఒక లాట్ తీసుకుని పంచుకోవచ్చు, రేంజిలోనే, లైసెన్సు నియమాలు మీరకుండా, కోచ్ ముందు.

రైఫిల్‌ను ముందు సిద్ధం చేయండి. స్టాక్‌కు (భుజానికి ఆనించే దిమ్మె), యాక్షన్‌కు (తూటా పెట్టి పేల్చే ఇనప భాగం) మధ్య మరలు వదులుగా ఉంటే ఏ తూటా మంచిదో ఎప్పటికీ తేలదు. గురి చూసే సైట్ మరలు కూడా చూడండి. బ్యారెల్ శుభ్రం చేయండి.

మోచేతి బలం మీద ఆధారపడకుండా రైఫిల్ ఇసుక సంచుల మీద పెట్టి కాల్చాలి. సంచులు కొననక్కర్లేదు. పాత జీన్స్ ప్యాంట్ కాలు రెండు జానలు కత్తిరించి, ఒక వైపు టైలర్ దగ్గర గట్టిగా కుట్టించండి. మానేరు ఇసుక కడిగి, ఎండబెట్టి, జల్లెడ పట్టి ముప్పావు వంతు నింపి రెండో వైపు కుట్టేయండి. పూర్తిగా నింపితే గట్టిబడి రైఫిల్ దాని మీద ఎగురుతుంది. ముప్పావు అయితే రైఫిల్ ఒదిగి కూర్చుంటుంది.

చలికాలం పొద్దున, గాలి లేవక ముందు మొదలుపెట్టండి. కొత్త లాట్ మొదటి 10, 15 రౌండ్లు లెక్కలోకి తీసుకోవద్దు. ఒక్కో బ్రాండ్ మైనం ఒక్కో రకం. పాత మైనం పోయి కొత్తది బ్యారెల్ లోపల పూతలా పట్టేదాకా గ్రూప్ కుదురుకోదు. ఆ రౌండ్లు టార్గెట్ పక్కన ఖాళీ కాగితం మీద కాల్చండి.

తర్వాత పదేసి షాట్లతో గ్రూపులు. ఒక్కో లాట్‌కు మూడు గ్రూపులైనా ఉండాలి. ఐదు షాట్ల గ్రూప్ చూసి నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెప్తున్నాను. ఐదు షాట్లు అదృష్టం కొద్దీ ఒక్క బొక్కలో పడొచ్చు. పది పడాలంటే తూటాలో విషయం ఉండాలి.

కొలిచేటప్పుడు ఒక చిక్కు ఉంది. తూటా పోయాక కాగితం కొంచెం మూసుకుంటుంది, బొక్క అసలు కన్నా చిన్నగా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే బొక్క చుట్టూ బూడిద రంగు గీత ఉంటుంది, సీసం, మైనం తుడుచుకుపోయిన మరక అది. ఆ మరక బయటి అంచు నుంచి దూరంగా ఉన్న ఇంకో మరక బయటి అంచు దాకా వెర్నియర్‌తో కొలవండి. అందులోంచి 5.6 మిల్లీమీటర్లు తీసేయండి, అది తూటా వెడల్పు. వచ్చింది మీ గ్రూప్.

ఎంత ఉంటే మంచిది? రింగు అంచును తూటా తాకినా పదే. కాబట్టి తూటా నడిమి భాగం మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల లోపల ఉంటే చాలు. అంటే 16 మిల్లీమీటర్ల గ్రూప్ అయినా, సరిగ్గా మధ్యలో కూర్చుంటే, లెక్కకు అన్నీ పదులే. కానీ మీ ఊపిరి, గుండె కొట్టుకోవడం, గాలి, వీటికి చోటు మిగలాలి కదా. సంచి మీద పది షాట్ల గ్రూప్ 10 మిల్లీమీటర్ల దగ్గర వచ్చిన లాట్ దొరికితే సంతోషంగా తీసుకోండి. 14 దాటితే ప్రాక్టీసుకు ఉంచండి.

అంకె ఒక్కటే చూడొద్దు, ఆకారం చూడండి. గ్రూప్ నిలువుగా సాగితే రౌండ్ల మధ్య వేగం తేడా ఉందని అనుమానించండి. అడ్డంగా సాగితే ఎక్కువసార్లు గాలి పని, ఆ లాట్‌ను ఇంకో పొద్దున మళ్లీ చూడాలి. తొమ్మిది ఒక్క చోట పడి ఒకటి బయటికి పోతే, "ఆ ఒక్కటి నా తప్పే" అని తీసేయాలనిపిస్తుంది. తీసేయకండి. ప్రతి గ్రూపులో అలా ఒకటి పోతుంటే అది మీ తప్పు కాదు, లాట్ గుణం. పోటీలో 60 షాట్లకు అది ఆరుసార్లు పోతుంది.

కాగితాలు పారేయకండి. ప్రతి దాని మీద తేదీ, టైం, ఎండ ఎంత, గాలి ఎటు, లాట్ నంబర్ రాసి ఫైల్‌లో పెట్టండి. నా దగ్గర పదేళ్ల కాగితాలు ఒక ఇనప ట్రంకులో ఉన్నాయి. ఇప్పటికీ ఏదైనా సందేహం వస్తే అవే తీసి చూస్తాను.

మన ఎండ, మన గాలి

యూరప్‌లో పరీక్షించిన తూటా వరంగల్ మే నెలలో అదే తీరుగా నడవదు. 43, 44 డిగ్రీల ఎండలో మందు ఇంకొంచెం జోరుగా మండుతుంది, గాలి పల్చబడుతుంది, తూటా కాస్త పైకి తగులుతుంది. డిసెంబర్‌లో సరిచేసుకున్న సైట్ ఏప్రిల్‌లో మళ్లీ సరిచేసుకోవాల్సిందే. అందుకే మీకు నచ్చిన లాట్‌ను రెండు కాలాల్లోనూ ఒకసారి కాల్చి చూడండి.

మైనం ఎండకు కరుగుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద, బండి డిక్కీలో డబ్బా పెట్టొద్దు. ఒకసారి మధ్యాహ్నం బండి డిక్కీలో మరిచిపోయిన డబ్బా తెరిస్తే మైనమంతా ఒక వైపుకు జారి, ప్లాస్టిక్ ట్రే జిడ్డుగా మెరుస్తోంది. ఆ 50 రౌండ్లు కాల్చి చూశాను, గ్రూప్ రెట్టింపైంది. ఇంట్లో తాళం వేసిన పెట్టెలో, చల్లటి గదిలో, రైఫిల్‌కు వేరుగా ఉంచండి. వానాకాలం తేమకు డబ్బాలను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేయండి. రేంజిలో మీకు అవసరమైన రౌండ్లే బయటికి తీయండి, మిగతావి నీడలో ఉండాలి. కింద పడ్డ రౌండ్‌ను తుడిచి మళ్లీ పెట్టుకునే అలవాటు వద్దు, మైనానికి ఇసుక రేణువు అంటుకుంటే అది బ్యారెల్‌ను గీస్తుంది.

వడగాలి కాలంలో పది దాటితే టార్గెట్ ముందు ఎండమావులు లేస్తాయి. రింగులు నీళ్లలో మునిగి కదిలినట్టు కనిపిస్తాయి. ఆ అలలు ఏ వైపు పారుతున్నాయో చూడడం నేర్చుకుంటే అదే మీకు గాలి జెండా. కానీ ఆ సమయంలో లాట్ టెస్ట్ పెట్టుకోవద్దు. తప్పు కంటిదో, గాలిదో, తూటాదో విడదీయలేరు.

300 మీటర్ల వైపు చూసేవాళ్లకు

.22లో ఏడాది పైగా లాట్ టెస్టులు చేసి, గాలి చదవడం వచ్చాకే ఇటు రండి. ఈ పోటీలో 8 మిల్లీమీటర్ల లోపు బోర్ ఏదైనా నియమాలకు సరిపోతుంది. ప్రపంచ స్థాయిలో 300 మీటర్ల వాళ్లు ఎక్కువగా 6 బీఆర్ నార్మా అనే రకం తూటా వాడతారు. చిన్న తూటా, తక్కువ దెబ్బ, అంతా ఒకేరకంగా నడుస్తుంది. భుజానికి 60 సార్లు దెబ్బ తగలాలి కదా, చివరి పది షాట్లలో ఈ తేడా తెలుస్తుంది.

.308 బోర్ పాత నమ్మకస్తుడు. అందులో పేరుపొందిన 168 గ్రెయిన్ల మ్యాచ్ మొన 300 మీటర్ల పోటీ కోసమే తయారైంది. దాన్ని వెయ్యి గజాలకు వాడితే చివర్లో ధ్వని వేగం దగ్గరికి పడిపోయి ఊగుతుంది. తూటా చెడ్డదని కాదు, దాని దూరం అది కాదు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ మొన సన్నగా, పొడుగ్గా ఉండి గాలిని బాగా కోస్తుంది, అదే గాలికి .308 కన్నా నాలుగో వంతు దాకా తక్కువ పక్కకు పోతుంది. దానికి బదులు బ్యారెల్ త్వరగా అరుగుతుంది. సుమారు రెండు మూడు వేల రౌండ్లకే గురి తగ్గడం మొదలవుతుందని వాడేవాళ్లు చెప్తారు, .308 ఐదు వేల దాకా నిలుస్తుంది. మన దగ్గర లైసెన్సుకు, సరఫరాకు అందుబాటులో ఉన్న పెద్ద బోర్లలో .30-06 గట్టిది. 1906 నాటిది, దెబ్బ బలంగా ఉంటుంది, భుజానికి మంచి జాకెట్ కావాలి.

పొడుగు మొన ఎంచుకునే ముందు బ్యారెల్ ట్విస్ట్ చూడండి. లోపలి గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో అదే ట్విస్ట్. పొట్టి బొంగరం మెల్లగా తిప్పినా నిలబడుతుంది, పొడుగు బొంగరాన్ని గట్టిగా తిప్పకపోతే పడిపోతుంది. తూటా కూడా అంతే. .22కు 16 అంగుళాలకు ఒక చుట్టు సరిపోతుంది, 6.5లో బరువు మొనలకు 8 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. ట్విస్ట్ సరిపోకపోతే తూటా కాగితంలోకి పక్కవాటుగా పోయి తాళపు రంధ్రం లాంటి బొక్క పెడుతుంది. అది కనిపిస్తే ఆ మొన బరువు ఇంక వాడొద్దు. ఇంకోటి, బ్యారెల్ మీద చెక్కిన బోర్ పేరు, డబ్బా మీద పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. దాదాపు ఒకటే కదా అని పెడితే చాంబర్ (తూటా కూర్చునే చోటు) పగలొచ్చు, మొహం పోవచ్చు.

లాట్ దొరికాక

దొరికిన రోజే ఏడాదికి సరిపడా అదే లాట్‌ను, లైసెన్సు అనుమతించినంత, తీసుకోండి. నేను ఇది చేయక ఒక పోటీ పోగొట్టుకున్నాను. నీలింగ్ (మోకాలి మీద కాల్చే దశ) మధ్యలో నా లాట్ అయిపోయింది. పక్క షూటర్ మంచితనంతో తన డబ్బా ఇచ్చాడు, నాదానికన్నా ఖరీదైనదే. మొదటి షాట్ ఎనిమిది, కింద. సైట్ రెండు క్లిక్కులు పైకి తిప్పాను, తర్వాతది పైన తొమ్మిది. కొత్త మైనం బ్యారెల్‌కు పట్టేలోపు ఏడు పాయింట్లు పోయాయి, చివర్లో ఫైనల్‌కు నాలుగు తక్కువయ్యాయి. తప్పు పూర్తిగా నాదే, లెక్క వేసుకోలేదు.

కాబట్టి పోటీ సంచిలో 60 షాట్లకు, సైటర్లకు (పాయింట్ల లెక్కలోకి రాని, సైట్ సరిచూసుకునే షాట్లు) కలిపి కావాల్సిన దానికి ఇంకో రెండు డబ్బాలు ఎక్కువ పెట్టండి, అన్నీ ఒకే లాట్. ప్రాక్టీసుకు తక్కువ ధర రకం వాడుకోండి, కానీ పోటీకి వారం ముందు నుంచి పోటీ లాట్‌కే మారండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కంగారుగా బోల్ట్ తెరవొద్దు. రైఫిల్ మూతి టార్గెట్ వైపే ఉంచి, అర నిమిషం ఆగి, రేంజి ఆఫీసర్‌కు చెయ్యెత్తి చూపించండి.

పరకాల తమ్ముడు పోయిన చలికాలంలో మూడు లాట్లు కాల్చాడు. తను మొదట తెప్పించుకోవాలనుకున్న హై వెలాసిటీ డబ్బా కూడా పట్టుబట్టి అందులో పెట్టించాడు, నేను కాదనలేదు. దాని గ్రూప్ 31 మిల్లీమీటర్లు. మధ్య రకం మ్యాచ్ లాట్ 11. ఆ రెండు కాగితాలూ తన హాస్టల్ గదిలో గోడకు పక్కపక్కన అంటించుకున్నాడు. కింద లాట్ నంబర్లు ఎర్ర పెన్నుతో రాశాడు.